మోకాలు చెప్పిన మాట

మేము బయలుదేరిన ఉదయం పైన మబ్బులు ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తుతున్నాయి. కింద మాత్రం ఆకు కదలడం లేదు. అంత గాలి పైన ఎక్కడుందో, దాని చప్పుడు మా దాకా ఎందుకు రావడం లేదో అనుకుంటూ మర తలుపుకు తాళం వేశాను. మా నాన్న పోయిన రోజున తప్ప ఆ తలుపు పగటిపూట మూసింది లేదు. నా భార్య అప్పటికే సంచులన్నీ బండిలో పెట్టించి, పాపను చంకనెత్తుకుని నిలబడి ఉంది.

"ఆ తాళం ఎన్నిసార్లు లాగుతావయ్యా? ఊడి చేతికొచ్చేట్టుంది," అంది.

ఇంకోసారి లాగి చూసి, వచ్చి బండెక్కాను.

మాది పిండిమర. పాపకు అప్పటికి నాలుగేళ్లు. ఎప్పుడు చూసినా ఒళ్లంతా పిండి పూసుకుని ఉండేది కాబట్టి ఊరందరికీ అది పిండిబొమ్మ. పుట్టుకతోనే దానికి చెవులు వినపడవు. ఆ సంగతి మాకు మూడో ఏడు దాకా తెలియలేదంటే ఎవరూ నమ్మరు. మర తిరిగే చోట ఎవరికీ ఏమీ వినపడదు. అక్కడ అందరివీ చేతి మాటలే. పిడికిలి ఎత్తితే ఆపమని. అరచెయ్యి గుండ్రంగా తిప్పితే మర తిరుగుతోందని. బొటనవేలితో రెండు వేళ్లు రుద్దితే పిండి మెత్తగా పడుతోందని, అంటే అంతా బాగానే ఉందని. ఆ మాటలన్నీ పాప రెండేళ్లకే నేర్చేసింది. పైగా నా ఒళ్లో కూర్చుని, తొట్టిలో గింజ అయిపోవచ్చే వేళకు సరిగ్గా తొట్టివైపు వేలు చూపించేది. గింజ తగ్గగానే మర రాళ్ల చప్పుడు మారుతుంది. అది పట్టడానికి నాకే మూడేళ్లు పట్టింది. పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు, "పాలపళ్లు రాలకముందే చప్పుడు పట్టేసింది, మరవాడి కూతురా మజాకా," అనేవాళ్లు. నేనూ మురిసిపోయేవాణ్ని. చెవుల సంగతి తెలిశాక, రాళ్ల అదురు పట్టి చెబుతోందనుకున్నాను.

ఆ వేసవిలో సముద్రం అవతలి ఆసుపత్రివాళ్లు మమ్మల్ని రమ్మన్నారు. ఇలాంటి పిల్లలకు చెవి లోపల, నత్తగుల్లలా చుట్టుకుని ఉండే చోట, ఒక్క చుక్క మందు వేస్తారు. ఆ మందు ఇంకా పరీక్షల్లోనే ఉంది. అప్పటికి నలుగురు పిల్లలకు వేశారు. ఇద్దరికి వినికిడి వచ్చింది, ఇద్దరికి రాలేదు. మా పాప ఐదోది. మొదట ఒక్క చెవికే వేస్తారు. ఇదంతా చెప్పి, ఆలోచించుకోమని వారం గడువిచ్చారు. నా భార్య ఆ సాయంత్రమే పెట్టెలు దించింది.

విమానం కదలగానే పాప కళ్లు ఇంతింత చేసుకుంది. రెండు అరచేతులూ గోడకు ఆనించింది. తర్వాత చెంప ఆనించింది. కాసేపటికి మావైపు తిరిగి, చెయ్యి ఎంత సాగితే అంత చాచి గుండ్రంగా తిప్పింది. పెద్ద మర అట. మా వెనక కూర్చున్నవాళ్లకు కూడా చెప్పింది. అటుగా వచ్చిన విమానం పిల్లకు కూడా చెప్పింది. ఆ పిల్లకు ఏమర్థమైందో, తనూ చెయ్యి తిప్పి చూపించి పోయింది.

"దీనికి ఇల్లు వదిలొచ్చినట్టే లేదు," అంది నా భార్య.

"తొట్టి ఎక్కడుందో వెతుకుతోంది," అన్నాను.

ప్రయాణం మొత్తానికి నేను మాట్లాడింది ఆ ఒక్క ముక్కేనని తర్వాత ఆమె అందరికీ చెప్పుకుంది.

దిగగానే మాకోసం ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో బస్సు నడిపి మానుకున్న మనిషి. మా మాట డాక్టర్లకూ, డాక్టర్ల మాట మాకూ చెప్పడానికి ఆసుపత్రివాళ్లు ఆయన్ని పెట్టారు. మన భాషలో మాట్లాడి ఎన్నాళ్లయిందో ఏమో, మమ్మల్ని చూడగానే తూము ఎత్తినట్టు మొదలుపెట్టాడు. సామాను బండికెక్కేలోపే నా భార్య ఆయన్ని బాబాయ్‌ని చేసేసింది.

"అబ్బాయ్, నువ్వసలు మాట్లాడవా?" అన్నాడు నాతో.

"మాట్లాడతాను."

"ఎప్పుడు?"

"పదేళ్లుగా నేనూ అదే అడుగుతున్నాను బాబాయ్," అంది నా భార్య.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. పిల్లలతో మాట్లాడాలంటే నేల మీద చతికిలపడుతుంది. ఆమె గోళ్లు పనిచేసేవాళ్ల గోళ్లలా కురచగా కత్తిరించి ఉండటం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఆమె ఏదో అడిగేది, నేను "ఊఁ" అనేవాణ్ని, బాబాయ్ ఆ "ఊఁ"ను అయిదు నిమిషాలు చెప్పేవాడు. ఏం చెప్పావని ఒకసారి అడిగాను.

"నీ మనసులో ఉన్నదే చెప్పా. నువ్వు చెప్పేదాకా ఆగితే ఆవిడ ఉద్యోగం అయిపోతుంది," అన్నాడు.

మందు వేసిన రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తోపుడు మంచం మీద లోపలికి తీసుకుపోతుంటే పాప మాకు వేళ్లు రుద్ది చూపించింది. మధ్యాహ్నానికి చెవి మీద దూదికట్టుతో తిరిగొచ్చి, కళ్లు తెరుస్తూనే అన్నం అడిగింది. నా భార్య గోడవైపు తిరిగి చాలాసేపు సంచీలో ఏదో వెతికింది.

"ఇక చూడటమే," అని బాబాయ్ డాక్టరమ్మ మాట చెప్పాడు. "విత్తనం వేశాం. నాలుగు వారాలకు మొలవచ్చు, ఎనిమిది వారాలకు మొలవచ్చు, అసలు మొలవకపోవచ్చు అంటోంది."

"విత్తనం అందా?"

"అనలేదు. నీకోసం మార్చా."

ఆసుపత్రి వెనక వీధిలో మాలాంటివాళ్ల కోసం ఒక బస ఉంది. మూడంతస్తులు, అంతస్తుకు ఆరు గదులు, అందరికీ కలిపి ఒక పొడుగాటి వంటిల్లు. రెండో వారానికే నా భార్యకు ఓపిక పోయింది. పాప వెనక నిలబడి గిన్నె మూత నేల మీద పడేసేది. పాప తిరిగేది కాదు. ఇంకొంచెం పెద్ద మూత పడేసేది. ఒక ఉదయం ఇనుప పెనం పడేసేసరికి ఆ అంతస్తంతా తలుపులు తెరుచుకున్నాయి. పాప మాత్రం చక్కగా వెనక్కి తిరిగింది. నా భార్య ముఖం వెలిగిపోయింది.

"నేల అదిరింది," అన్నాను.

"నీ నోట్లోంచి ఒక మంచి మాట రాదు కదా," అని పెనం తీసి లోపల పెట్టేసింది.

మెట్ల మీద బాబాయ్ ఎదురొచ్చాడు. "అమ్మాయ్, పాపకు చెవులొచ్చేలోపు మాకు పోయేట్టున్నాయి," అన్నాడు.

నాలుగో వారం పరీక్ష. ముందు నిద్రపుచ్చి, తలకు తీగలు పెట్టి, చప్పుడు మెదడుకు చేరుతోందో లేదో చెప్పే గీత ఒకటి తీశారు. ఆ గీత అటూ కాదు ఇటూ కాదు అన్నట్టు వచ్చిందట. ఇక తేల్చాల్సింది పెట్టె గదే. గోడలన్నీ మందంగా మెత్త కుట్టిన చిన్న గది అది. ఎదురుగా అద్దం, అద్దం వెనక డాక్టరమ్మ, నా భార్య, బాబాయ్. గదిలో కుర్చీలో నేను, నా ఒళ్లో పాప. కుడిపక్క ఒక నల్లపెట్టె, ఎడమపక్క ఒకటి. ఏదో ఒక పెట్టె నుంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తుంది. పాప అటు తిరిగితే ఆ పెట్టెలో దీపం వెలిగి, బొమ్మ కోతి గంతులేస్తుంది.

"నువ్వు విన్నట్టు కనపడకూడదు," అని బాబాయ్ ముందే చెప్పాడు. "తల తిప్పకూడదు, కళ్లు తిప్పకూడదు. బస్తాలా కూర్చోవాలి. నీకదేం కష్టం కాదులే."

నేను బస్తాలాగే కూర్చున్నాను. మొదటి చప్పుడుకు పాప తిరగలేదు. రెండోది కుడివైపు వచ్చింది. పాప కుడివైపు తిరిగింది. కోతి గెంతింది. మూడోది ఎడమ. ఎడమకు తిరిగింది. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. కోతి గెంతుతోంది, పాప చేతులు ఊపుతోంది, అద్దం వెనక నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. పద్నాలుగు చప్పుళ్లలో పన్నెండుకు తిరిగింది. డాక్టరమ్మ తలుపు తోసుకుని పరుగున వచ్చి పాప ముందు కూలబడింది. బాబాయ్ నన్ను కావలించుకుని, నా టోపీ తను పెట్టుకుని, తన కళ్లజోడు నాకిచ్చాడు. ఎందుకిచ్చాడో ఆయనకే తెలియదు. ఆ గదిలో నేల మీద కాళ్లున్నది ఎవరికని.

అయితే మధ్యలో ఒకటి జరిగింది. తొమ్మిదోసారో పదోసారో, ఇప్పుడు ఎడమ నుంచి వస్తుంది అనుకున్నాను. రాలేదు. అద్దం వెనక డాక్టరమ్మ కాగితం తిప్పుకుంటోంది. కానీ పాప ఎడమవైపు తిరిగింది. కోతి గెంతకపోయేసరికి నా మోకాలు చూసి, మళ్లీ పెట్టెను చూసింది.

అందరూ నవ్వుకుంటూ వరండాలోకి వచ్చారు. నేను ఒక బల్ల మీద కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకున్నాను. వరండాలో ఏ చప్పుడూ లేదు. ఎడమకాలు కొద్దిగా బిగించాను, పంచె మడత కూడా కదలనంత. పాప ఎడమవైపు తిరిగి కోతికోసం చూసింది. కుడికాలు బిగించాను. కుడివైపు చూసింది.

మరలోనూ ఇంతే అన్నమాట. గింజ అయిపోవస్తుంటే లేవడానికి నా కాలు ముందే సిద్ధమయ్యేది. పాప పట్టింది రాళ్ల అదురును కాదు, నా కాలిని.

ఇంకోసారి చూశాను. తర్వాత చూడటం మానేశాను. నా భార్య కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో వాళ్లమ్మకు చెబుతోంది. "పన్నెండమ్మా, పన్నెండు," అంటోంది. పక్క గదిలో ఇంకో పాప ఉంది. మా పాప ఫలితం బాగుంటే దానికీ ఇంతే మోతాదు మందు, ఆ మర్నాడే. బాబాయ్ ఆ తల్లిదండ్రులకు శుభవార్త చెప్పడానికి పోతున్నాడు. చొక్కా పట్టుకుని ఆపాను.

"పాపకు వినపడలేదు," అన్నాను.

"ఏంటి?"

"నా మోకాలు చెప్పింది."

"అబ్బాయ్, సంతోషం ఎక్కువైతే కొందరికి ఇలాగే ఉంటుంది. కాస్త మంచినీళ్లు తాగు."

చూపించాను. ఎడమ, కుడి. బాబాయ్ ముఖంలో రంగు దిగిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇప్పుడే చెప్పాలా? అమ్మాయి మొహం చూడు. వారం ఆగితే నిజంగానే వస్తుందేమో."

"ఇప్పుడే చెప్పు. పొడుగు చెయ్యకు."

ఆయన చెప్పాడు. నేను చెప్పినన్ని మాటలే చెప్పాడు. డాక్టరమ్మ నన్ను ఇంకోసారి కాళ్లు బిగించమంది. పాప తిరగడం చూసింది. జేబులోంచి కలం తీసి, కాగితం మీద పన్నెండు గీతల్నీ ఒక్కొక్కటిగా కొట్టేసింది. తర్వాత లేచి పక్క గదిలోకి వెళ్లి, ఆ తల్లిదండ్రులతో మందు ఇప్పుడే కాదు, తేలేదాకా ఆగుదామని చెప్పింది. తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపింది.

"మంచిపని చేశావంటోంది," అన్నాడు బాబాయ్, నేల చూస్తూ.

నా భార్య ఫోన్ ఇంకా చెవి దగ్గరే పట్టుకుని నిలబడి ఉంది. బసకు తిరిగొచ్చాక పాప బూట్లు విప్పుతూ అంది, "పదేళ్లుగా మాట్లాడు మాట్లాడు అని చచ్చాను. ఎన్నడూ పలకని మనిషికి ఆ ఒక్క పూటే నోరొచ్చిందా?"

నేను సంచీ కొక్కేనికి తగిలించాను.

"చెప్పు. మళ్లీ పోయిందా?"

పాప మా ఇద్దరి ముఖాలూ చూసి, ఎందుకైనా మంచిదని ఇద్దరికీ వేళ్లు రుద్ది చూపించింది. నా భార్య దాన్ని దగ్గరకు లాక్కుంది. దాని జుట్టు సర్దుతూ, "నాకూ అనుమానంగానే ఉంది. మూతకు తిరగని పిల్ల ఈలకు తిరుగుతుందా," అంది. ఆ రెండు బూట్లూ నా కాళ్ల దగ్గరకు విసిరి, "తుడువు," అంది. అంటే కోపం సగం దిగిందని.

ఐదో వారం పాపను ఎవరి ఒళ్లోనూ కూర్చోబెట్టలేదు. దళసరి పరుపు మీద చిన్న కుర్చీ వేసి కూర్చోబెట్టి, ముందు కొయ్య బొమ్మలు పెట్టారు. నేను గదిలో లేకపోతే అది కూర్చోదు. అందుకని నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెవులకు డొప్పలు తగిలించారు. వాటిలో ఒకటే హోరు. ఇక పెట్టెలు ఈల వేసిందీ లేనిదీ నాకు తెలియదు. నాకు తెలియకపోతే నా కాళ్లకూ తెలియదు. పాప ఆ పూటంతా బొమ్మలాడుకుంది. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. బయటకొచ్చాక, "ఇరవై ఒక్కసారి ఈల వేశారు," అంది నా భార్య.

కానీ ఆరో వారం చివర, ఒక మధ్యాహ్నం, వంటింట్లో పాప ఎత్తుపీట ఎక్కి కుళాయి తిప్పుతోంది. తెరుస్తుంది, కట్టేస్తుంది. తెరుస్తుంది, కట్టేస్తుంది. నీళ్లు వృథా చెయ్యొద్దని చెబుదామని వెళ్లినవాణ్ని గుమ్మంలోనే ఆగిపోయాను. అది నీళ్లలో చెయ్యి పెట్టడం లేదు. నీళ్లను చూడటం కూడా లేదు. కుళాయి తెరిచి, చెయ్యి తీసేసి, ఎదురుగా ఉన్న గోడను చూస్తోంది. కట్టేసి మళ్లీ గోడనే చూస్తోంది.

పీట అదురుతోందేమో. పీట మీద చెయ్యి వేసి చూద్దామంటే నా చెయ్యి ఏం చెబుతుందో. పాపను ఎత్తుకుని చూద్దామంటే నా ఒళ్లంతా చెబుతుంది. నేను ఎలా చూసినా చెడిపోయేదే. వెనక్కి వెనక్కి నడిచి గదికి వచ్చేశాను.

"ఏమయ్యా, అలా ఉన్నావు?" అంది నా భార్య.

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెప్పులు చేత్తో పట్టుకున్నావేం?"

చూసుకుంటే నిజమే. నాలుగు రోజులు ఆ మాట నాలుక చివర పెట్టుకుని తిరిగాను. వీధిలో బస్సు వస్తే పాపను చూడటం, తలుపు పడితే పాపను చూడటం, చూస్తున్నట్టు తెలుస్తుందేమోనని మళ్లీ ముఖం తిప్పుకోవడం. నా భార్య కూడా ఏదో దాస్తోందని నాకు అనుమానం. కుళాయి దగ్గర నేల రోజూ తడిగా ఉంటోంది, ఆమె మాత్రం పాపను కేకలెయ్యడం లేదు. ఎవరికి వాళ్లం అలా ఉడికిపోతూ, పైకి మామూలుగా ఉన్నాం.

ఏడో వారం మళ్లీ అదే గది. అదే పరుపు, అదే కుర్చీ. నా చెవుల్లో అదే హోరు. పాప రంగురంగుల కొయ్య చక్రాలు ఒక పుల్లకు గుచ్చుతోంది. ఎరుపు, పసుపు, నీలం. నీలం చక్రం గుచ్చబోతూ దాని చెయ్యి గాల్లో ఆగింది.

తల తిప్పలేదు. ముందు నా మోకాలు చూసింది. తర్వాత రెండో మోకాలు చూసింది. అక్కడ ఏమీ లేదు. నా ముఖం చూసింది, నువ్వేనా అన్నట్టు. నాకు హోరు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. అప్పుడది నన్ను వదిలేసి, మెల్లగా, మందు వేసిన చెవివైపు తిరిగింది. కోతి గెంతింది. పాప కోతిని చూడలేదు. పెట్టెకు ఉన్న చిల్లులను చూసింది.

నేను అద్దంలోకి చూశాను. డాక్టరమ్మ ఒక గీత గీసి, కలం అలాగే పట్టుకుని ఉంది. నా భార్య రెండు చేతులూ అద్దానికి ఆనించి ఉంది. బాబాయ్ నోరు మూసుకుని ఉన్నాడు. ఆయన్ని అలా చూడటం నాకు అదే మొదలు.

మర్నాడు మళ్లీ తీగలు పెట్టి చూశారు. ఈసారి గీత తేటగా ఉందట. అది చెప్పి డాక్టరమ్మ పక్క గదిలోవాళ్ల దగ్గరకు తనే వెళ్లింది.

ఆ మధ్యాహ్నం బసలో పొడుగాటి బల్ల దగ్గర నలుగురం కూర్చున్నాం. బాబాయ్ గట్టి పెంకున్న రొట్టె, వేడివేడి సూపు తెచ్చాడు. నా భార్య రొట్టె విరిచింది. పాప ఉలిక్కిపడి రొట్టెను చూసింది. నా చెంచా గిన్నె అంచుకు తగిలింది. చెంచాను చూసింది. బాబాయ్ సూపు జుర్రాడు. పాప ఆయన మూతిని అలా చూస్తుండిపోయేసరికి ఆయన సిగ్గుపడి తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయి, పాపను చూసి, నోరు కట్టేసుకున్నాడు.

పాప రొట్టె పెంకు ఒకటి తీసి కొరికింది. ఆగింది. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది, ఎవరా చప్పుడు చేసిందని. మా చేతులు బల్ల మీదే ఉన్నాయి. మళ్లీ నమిలింది. మళ్లీ ఆగింది. చెయ్యి ఎత్తి తన దవడ మీద పెట్టుకుంది. ఆ తర్వాత ఇక మావైపు చూడలేదు. పెంకు మొత్తం, కొంచెం కొంచెంగా, కళ్లు మూసుకుని తిన్నది.

సూపు చల్లారిపోయింది. ముగ్గురం చప్పుడు కాకుండా తాగాం.